ఫోన్లకి తాళం డబ్బా కొన్నాం, ఇంట్లోకి మళ్ళీ ముళ్ళ చేపలొచ్చాయి (నాలుగు నెలలు వాడాక రివ్యూ)

ముందు ఈ డబ్బా ఎందుకు కొన్నానో చెప్తాను, లేకపోతే మా ఆడపడుచు అడిగినట్టే మీరూ అడుగుతారు, ఫోన్ పక్కన పెట్టుకోడానికి కూడా పద్నాలుగొందలు తగలెయ్యాలా అని.

జూన్ నెలాఖర్లో నా ఫోన్ ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. మా వైజాగ్‌లో జగదాంబ దగ్గర ఒక రిపేరు షాపుకి తీసుకెళ్తే ఆ అబ్బాయి సన్నటి పిన్ను పెట్టి ఛార్జింగ్ పోర్టులో కెలికి కెలికి ఏదో బయటికి తీసాడు, తీసి తెల్ల కాగితం మీద పెట్టి నా వైపు జరిపాడు. ఎండిపోయిన అన్నం మెతుకు, సగమే ఉంది, పప్పు కలిపిన పసుపు రంగు కూడా పోలేదు. "బాబుకి ఫోనిచ్చి అన్నం పెడతన్నారా మేడం, మాకు ఇలాటివి చాలా వస్తాయి" అన్నాడు. నేను అవుననీ అనలేదు కాదనీ అనలేదు. నూటయాభై ఇచ్చి వచ్చేసాను. ఇంతకీ ఆ మెతుకు బాబుది కాదు, నాది. అందరికీ పెట్టాక రాత్రి పదింటికి వంటింట్లో గట్టు దగ్గర నిలబడి కుడిచేత్తో తింటూ ఎడంచేత్తో రీల్స్ తోసుకునేది నేనే.

మేం ఎంవీపీ కాలనీలో ఉంటాం, ఐదుగురం. మా ఆయన పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం, కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఏడున్నర ఎనిమిది. అత్తయ్య ఉంటారు. పాప తొమ్మిదో క్లాసు. బాబు ఒకటో క్లాసు. అప్పటిదాకా మా ఇంట్లో రాత్రి భోజనం అంటే ఏటంటే, బాబు సోఫాలో యూట్యూబ్ ముందు, పాప తన రూములో కంచం ఒళ్ళో పెట్టుకుని, ఈయన డైనింగ్ టేబుల్ దగ్గరే గానీ నీళ్ళ బాటిల్‌కి ఫోన్ ఆనించి క్రికెట్, అత్తయ్య టీవీ సీరియల్, నేను చెప్పానుగా వంటింటి గట్టు. ఒకే కూర, ఐదు చోట్ల ఐదు భోజనాలు.

బాబు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వాడు పుట్టింది 2019లో. సరిగ్గా ఆ ఏడాది ఏప్రిల్లోనే డబ్ల్యూహెచ్‌వో వాళ్ళు ఏడాది లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి కూడా రోజుకి గంట దాటొద్దు అని చెప్పారు, అది నాకు తర్వాతెప్పుడో తెలిసింది లెండి. వీడు అన్నం ముద్దలు తినే వయసొచ్చేసరికి లాక్‌డౌన్. పాపకైతే అత్తయ్య చంకనేసుకుని వీధి చివరిదాకా తిప్పుతూ కుక్కనీ కాకినీ చందమామనీ చూపిస్తూ గోరుముద్దలు పెట్టారు, వీడి టైముకి వీధిలోకి వెళ్ళే దారే లేదు, పోనీ ఫోన్ పెడదాం అని పెట్టాం. పెడితే నోరు తెరిచాడు. అంతే, ఇంక ఆరేళ్ళు వచ్చినా ఫోన్ పెడితేనే నోరు తెరిచేవాడు, నేను ముద్ద పెడుతుంటే అది పప్పో పులుసో కూడా చూసేవాడు కాదు. మధ్యలో యాడ్ వస్తే నమలడం ఆపేసేవాడు, నిజంగా చెప్తున్నా, బుగ్గలో ముద్ద అలాగే ఉండేది.

పిల్లల డాక్టరు గారు మొన్న వేసవిలో చెప్పనే చెప్పారు, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ లెక్క ప్రకారం రెండేళ్ళ లోపు వద్దు, రెండు నుంచి ఐదు దాకా గంట, ఐదు దాటినా రెండు గంటల లోపు, అన్నం దగ్గర మాత్రం ఏ వయసుకైనా వద్దు అని. ఊఁ అన్నాం, బయటికొచ్చి కారెక్కగానే ఏడవకుండా ఉండాలని ఫోనిచ్చాం.

మెతుకు చూసిన రోజు రాత్రి కూర్చుని ఆర్డర్ పెట్టాను.

డబ్బా ఎలా ఉందంటే, లోపలున్నవి కనిపించే గట్టి ప్లాస్టిక్, నలుచదరం, అత్తయ్య ఆవకాయ జాడీ అంత ఎత్తు. తెల్ల మూత, మూత మీద తిప్పే గుండ్రటి బటన్, మధ్యలో చిన్న డిస్ప్లే. తిప్పి టైము పెట్టి నొక్కితే అయిదు లెక్కపెట్టి ఠక్‌మని పడుతుంది. పడిందంటే ఇంక బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ తలుపే, టైము అయ్యేదాకా రాదు, పాస్‌వర్డ్ లేదు, క్యాన్సిల్ లేదు. ఒక నిమిషం నుంచి పది రోజుల దాకా పెట్టుకోవచ్చట, పది రోజులు ఎవడు పెడతాడో నాకు తెలీదు. ఈ రకం డబ్బాలు మొదట అమెరికాలో ఫోన్ల కోసం రాలేదు, చేతులు ఆగక బిస్కెట్లూ చాక్లెట్లూ తినీసేవాళ్ళ కోసం వచ్చాయి, తర్వాత జనం అందులో ఫోన్లు పెట్టడం మొదలెట్టారు. మా పాప ఇది చదివి, "అమ్మా అయితే ఇది మీ ఇద్దరికీ పనికొస్తుంది, నాన్న ఫోను, నీ బిస్కెట్లు" అంది.

కంపెనీ పేరు రాయట్లేదు. రాద్దామన్నా గుర్తులేదు, మూత మీద స్టిక్కరు రెండో వారానికే ఊడిపోయింది.

డబ్బా ఎందుకు, స్టీలు గిన్నెలో వేసి ఫ్రిజ్ మీద పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టాం. రెండేళ్ళ కిందట పెట్టాం. నాలుగు రోజులు నడిచింది. అయిదో రోజు ఈయన "ఒక్క మెయిల్ చూస్తానే" అన్నారు, దాంతో పాప "నాన్నకైతే ఒక రూలా" అంది, నేను అరిచాను, ఎవరి కంచం వాళ్ళు తీసుకుని పోయారు. ఈ డబ్బాతో లాభం అక్కడే ఉంది. అరవడానికి ఎవరూ లేరు. ఎవరైనా తిట్టుకుంటే దాన్నే తిట్టుకుంటారు, నన్ను కాదు. పద్నాలుగొందల్లో పదమూడొందలు దానికే అనుకోండి.

మొదటి వారం మాత్రం ఘోరం. ఎనిమిదిన్నరకి నాలుగు ఫోన్లూ లోపలేసి పాతిక నిమిషాలు పెట్టాను. అందరం టేబుల్ చుట్టూ కూర్చున్నాం. ఫ్యాను చప్పుడు. ఎవరికీ మాట్లాడ్డానికి ఏం దొరకలేదు. బాబు డబ్బా వైపే చూస్తూ పద్దెనిమిది, పదిహేడు అని లెక్కపెట్టడం, ఈయన గబగబా నాలుగు ముద్దల్లో తినీసి చెయ్యి కడుక్కుని వచ్చి డబ్బా ముందు నిలబడడం, లిఫ్ట్ కోసం నిలబడ్డట్టు. పైగా లోపల ఫోన్లు వైబ్రేట్ అవుతుంటే ఆ ప్లాస్టిక్కీ మా టేబుల్ అద్దానికీ కలిపి గుర్ర్ గుర్ర్ అని తుమ్మెద పడ్డట్టు ఒకటే గోల. మూడో రోజు కింద తువ్వాలు మడిచి వేసి, డిస్ప్లే కనబడకుండా ప్లాస్టరు అంటించి, టైము నలభై నిమిషాలకి మార్చాను. కొన్నవాళ్ళు ఈ రెండు పనులూ మొదటి రోజే చెయ్యండి, టైము కనబడితే తిండి పరుగు పందెం అయిపోతాది.

ఆ మూగనోము తీర్చింది అత్తయ్యే. "హుద్‌హుద్ అప్పుడు ఇలాగే కూకున్నాం కదా" అన్నారు. 2014 అక్టోబరు పన్నెండు. పాపకి అప్పుడు మూడేళ్ళు, దానికేం గుర్తులేదు. కరెంటు లేక, ఫోన్లన్నీ చచ్చిపోయి, కొవ్వొత్తి చుట్టూ కూర్చుని ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం తిన్నామనీ, ఎదురింటి రేకులు ఎగిరొచ్చి మా మెట్ల మీద పడ్డాయనీ ఆవిడ చెప్తుంటే పిల్లలిద్దరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. బాబు నోరు తెరిచాడు కదా అని నేను ముద్ద పెట్టాను, తినీసాడు, అలవాటు మరి!

ఇప్పుడు చేపల సంగతి. అసలు ఈ రివ్యూ రాస్తున్నదే దీనికోసం.

మా ఇల్లు పెద జాలారిపేటకి దగ్గర. చేపల ఆవిడ పొద్దున్నే గంప పట్టుకుని మా సందులోకి వస్తాది. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఈ ఇంట్లో కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు లాంటి ముళ్ళ చేపలే, ఏ రోజు ఏది తాజాగా ఉంటే అది. ఈ అయిదారేళ్ళలో అవన్నీ ఎప్పుడు మానేసామో కూడా తెలీకుండా మానేసాం. తింటే వంజరం, అదీ ముక్కలు కొట్టించి మధ్య ముల్లు తీసి, లేదంటే రొయ్యలు, అదీ లేదంటే బోన్‌లెస్ చికెన్. రేటెక్కువ అని తెలుసు, అయినా అవే. ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. డబ్బా వచ్చిన రెండో వారం, వేట నిషేధం అయి బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్తున్నాయి కదా (ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా మన తీరంలో మర బోట్లు వెళ్ళవు), ఆవిడ గంపలో కానాగంతలు మెరుస్తున్నాయి. అత్తయ్య అలవాటుగా "ముళ్ళ చేపలు మా ఇంట్లో ఎవరూ తినరమ్మా" అనబోయి ఆగిపోయారు. నా వైపు చూసారు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

ముళ్ళ చేప ఫోన్ చూస్తూ తినలేం. అంతే కారణం. కవళ్ళు తినాలంటే కంచంలో చూడాలి, వేళ్ళతో వెతకాలి, రెండో చెయ్యి కూడా అప్పుడప్పుడు సాయం రావాలి. అందుకే మెల్లగా మా వంట మొత్తం ఒంటిచేత్తో, చూడకుండా తినే వాటి మీదికి పోయింది. ఆలోచిస్తే చేపలే కాదు. మునక్కాడ పులుసులో వెయ్యడం మానేసాను, నమిలి ఉమ్మడానికి వాటం కాదని. పీతలు మానేసాం. గుత్తొంకాయ తొడిమ పట్టుకుని తినాలి కాబట్టి కోసి ముక్కల కూర. వాటి బదులు ఫ్రైడ్ రైసు, నూడుల్సు, ఎగ్ బుర్జీ, స్పూనుతో లాగించేవి. ఈ రోజు ఏం వండాలో నేననుకుంటున్నానని అనుకున్నాను గానీ, అయిదేళ్ళుగా ఫోనే చెప్తోంది.

ఆ రోజు డజను కానాగంతలు తీసుకున్నాం. వేపుడు. బాబుకి అత్తయ్య నేర్పించారు. చేపని కంచంలో అడ్డంగా పెట్టి, వీపు మీద బొటనవేలితో నొక్కితే పైముక్క విడిపోయి మధ్య ముల్లు దువ్వెనలాగ కనబడతాది, దాన్ని తోక దగ్గర పట్టుకుని లేపితే తలదాకా ఒకటే ముక్కగా లేస్తుంది. వాడు మొదటిసారి లేపినప్పుడు సగంలో విరిగింది. "పర్లేదు, ఇప్పుడు నలుపు" అన్నారావిడ, "ముల్లు కంటికి కనబడదురా నానా, వేలికి తెలుస్తాది." వాడు చూపుడువేలూ బొటనవేలూ మధ్య ఆ ముక్కని అలా నలుపుతూ, నాలిక కొంచెం బయటపెట్టి, ఒక్కో ముల్లూ తీసి కంచం అంచు మీద వరసగా పేర్చాడు. పదకొండు. లెక్కపెట్టి చెప్పాడు. ఆ ఒక్క చేప తినడానికి వాడికి ఇరవై నిమిషాలు పట్టింది, ఆరేళ్ళలో వాడు తన చేత్తో పూర్తిగా తిన్న మొదటి భోజనం అదే. టైము అయి డబ్బా ఠక్‌మంటే వాడు తలెత్తలేదు. ఈయన తలెత్తారు గానీ లేవలేదు, చేతినిండా మసాలా.

ఇప్పుడు కవళ్ళ పులుసుకి వచ్చాడు, దాంట్లో ముళ్ళు ఇంకా సన్నం, అత్తయ్య పక్కన కూర్చుంటేనే పెడతాను. చిన్నపిల్లలకి ముళ్ళ చేప పెట్టేవాళ్ళు పెద్దవాళ్ళ కన్ను లేకుండా పెట్టొద్దు, ఇది సరదాకి చెప్పట్లేదు.

ఇంకోటి కూడా గమనించాను. ఇదివరకు బాబు ఎనిమిదిన్నరకి కడుపునిండా తిని పదింటికల్లా వచ్చి బిస్కెట్ అడిగేవాడు, నేనూ అంతే, పన్నెండింటికి ఫ్రిజ్ తలుపు. సరిగ్గా తినలేదేమో అనుకునేదాన్ని. 2013లో ఇరవైనాలుగు ప్రయోగాలు కలిపి చూసిన ఒక పెద్ద పరిశోధన ఉంది, అందులో తేలిందేంటంటే ధ్యాస ఎక్కడో పెట్టి తింటే అప్పుడు కొంచెం ఎక్కువ తింటాం, దానికంటే ఆ తర్వాత పూట మరీ ఎక్కువ తింటాం, తిన్నది గుర్తుండదు కాబట్టి. మా ఇంట్లో బిస్కెట్ల డబ్బా ఇప్పుడు నెలకి ఒకటిన్నర వస్తోంది, ఇదివరకు మూడు. ఇది నా లెక్కే, సైన్సు కాదు. బరువు తగ్గానా అని అడగొద్దు, తగ్గలేదు, వేపుళ్ళు పెరిగాయి కదా.

ఇక తిట్లు. చాలా ఉన్నాయి.

ఒకటి ఓటీపీ. రెండో వారంలోనే ఏదో సామాను ఆర్డర్ పెట్టి మర్చిపోయాను, తొమ్మిది కావస్తుండగా డెలివరీ అబ్బాయి తలుపు కొట్టి ఓటీపీ చెప్పండి అన్నాడు. ఓటీపీ డబ్బాలో ఉంది. వచ్చింది కూడా, మెసేజ్ వెలగడం బయటికి కనబడుతోంది, కానీ ఫోన్ బోర్లా ఉంది. నలుగురం డబ్బాని తలకిందులు చేసి ఊపి చూసాం. ఆ అబ్బాయికి పరిస్థితి చెప్తే నవ్వు ఆపుకోలేకపోయాడు, మజ్జిగిచ్చి కూర్చోబెట్టాం, పదకొండు నిమిషాలు పాపం. ఇప్పుడు ఆ టైములో ఏదీ ఆర్డర్ పెట్టను.

రెండోది సెల్స్. రిమోట్‌లో వేసే సన్న సెల్స్ రెండు పడతాయి. మూడో నెలలో సెల్స్ నీరసించి, టైము అయిపోయినా మూత కీచుమని సగం తిరిగి ఆగిపోయింది. లోపల నాలుగు ఫోన్లు, పొద్దున్నే అయిదున్నరకి ఈయన బస్సు, అలారం కూడా లోపలే. అమ్మినవాళ్ళ నంబరుకి అత్తయ్య బటన్ ఫోన్‌లోంచి చేస్తే మ్యూజిక్ తప్ప మనిషి లేడు, వాట్సాప్ చెయ్యమంటాడు, వాట్సాప్ ఎక్కడుంది, డబ్బాలో ఉంది. చివరికి ఈయన అరచేత్తో మూత మీద నాలుగు గట్టిగా వేస్తే ఊడింది. డిస్ప్లే మసకబారగానే సెల్స్ మార్చండి, నెల నెలా మార్చినా నష్టం లేదు.

అత్తయ్య బటన్ ఫోన్ ఎప్పుడూ బయటే ఉంటాది, అది తప్పనిసరి. విజయనగరంలో మా నాన్నగారికి గుండె జబ్బు, కాబట్టి ఆ నంబరు అయిదుగురికి ఇచ్చాను, ఏ అవసరమైనా ఆ నలభై నిమిషాలు దానికి చెయ్యమని. నాలుగు నెలల్లో ఆ టైములో రెండుసార్లు మోగింది. రెండుసార్లూ పర్సనల్ లోన్ కావాలా అని.

ఇంక దొంగదారులు డబ్బా ఆపలేదు. ఈయన చేతికి స్మార్ట్ వాచీ ఉంది, మెసేజ్ వస్తే మణికట్టు వెలుగుద్ది, ముద్ద మధ్యలో చెయ్యి తిప్పి చూస్తారు. పాప పట్టుకుంది. ఇప్పుడు వాచీ కూడా లోపలికే. పాప స్కూల్ ట్యాబ్ డబ్బాలో పట్టదు, దానికి మాటే తాళం. అత్తయ్య సీరియల్ ఎనిమిదిన్నరకి, అది పెద్ద రాజకీయం, చివరికి మర్నాడు పొద్దున్న ఫోన్‌లో చూపిస్తానని ఒప్పుకుంటే టీవీ ఆపారు. పొద్దున్న ఇడ్లీ తింటూ చూస్తారు, నేనేం అనట్లేదు, డెబ్బై రెండేళ్ళ మనిషి.

బయట హోటల్‌కి వెళ్తే ఈ డబ్బా పట్టుకెళ్ళలేం కదా, అక్కడ మళ్ళీ మామూలే. పోయిన నెల బీచ్ రోడ్డులో ఒక హోటల్లో బిర్యానీ వచ్చేదాకా పాప టేబుళ్ళు లెక్కపెట్టింది, తొమ్మిది టేబుళ్ళలో ఏడింటి మీద పిల్లల ముందు ఫోన్ నిలబెట్టి ఉంది. ఎనిమిదోది మాది. 2014లో వచ్చిన ఒక పరిశోధన కోసం బోస్టన్‌లో ఇలాగే ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ళలో కూర్చుని గమనించారు, పిల్లలతో వచ్చిన యాభై అయిదుమంది పెద్దవాళ్ళలో నలభైమంది ఫోన్ తీసారు, పదహారుమంది దాదాపు మొత్తం సేపూ అందులోనే ఉన్నారు. వాళ్ళు చూసింది పిల్లల ఫోన్లు కాదు, పెద్దాళ్ళ ఫోన్లు, అది గుర్తుపెట్టుకోండి. మా టేబుల్ మీద ఫోన్ ఎవరిదో చెప్పను.

ఒక్కోసారి హోటల్ మానేసి బీచ్‌లో మురీ మిక్చర్ (మరమరాలది) కొనుక్కుంటాం, ఆ పొట్లం ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో తినాలి, గాలికి ఎగిరిపోకుండా చూసుకోవాలి, ఫోన్ తియ్యడానికి మూడో చెయ్యి ఉండదు.

ఎవరికి పనికొస్తుంది అంటే, ఇంట్లో అందరూ లోపల పెడతామంటేనే కొనండి. పిల్లల ఫోన్లు మాత్రం వేసి మనవి జేబులో పెట్టుకుందామంటే వద్దు, ఆ పద్నాలుగొందలకి కానాగంతలు కొనుక్కోండి. రాత్రి డ్యూటీ వాళ్ళు, ఇంట్లో పేషెంట్ ఉండి రెండో ఫోన్ లేనివాళ్ళు కొనొద్దు. ఒంటరిగా ఉండేవాళ్ళకి ఎలా ఉంటుందో మా తమ్ముణ్ణి అడిగాను, గాజువాకలో రూములో ఉంటాడు, వాడు నాలుగు రోజులు పట్టుకెళ్ళి తెచ్చి ఇచ్చేసాడు, "అక్కా, డబ్బాకేసి చూస్తూ తిన్నాను" అన్నాడు.

స్టార్లు మూడున్నర. మూతకీ కస్టమర్ కేర్‌కీ కలిపి ఒకటిన్నర కోసాను. సైజు విషయంలో జాగ్రత్త, నాలుగు ఫోన్లు పడతాయని రాసారు గానీ ఇప్పటి పెద్ద ఫోన్లు కవరుతో అయితే మూడే పడతాయి, నాలుగోది నిలువుగా దూర్చాలి, మాకు అలా దూర్చి దూర్చి ఈయన ఫోన్ కవరు మూల చిట్లింది. పక్కన ఛార్జర్ వైరు దూర్చే కన్నం ఒకటి ఉంది, దాంట్లోంచి బాబు వేలు పెట్టి స్క్రీన్ నొక్కడం కనిపెట్టాడు, దానికి కూడా ప్లాస్టరు వేసుకోండి.